గిన్నె అడుగున తెల్ల పొర: ఇంటి నీళ్ల సంగతి తెలుసుకుని సరిచేసుకోవడం ఎలా

కుక్కర్ ఆరు కూతలు కూసినా కందిపప్పు పలుకుగానే ఉంటే మా ఇంట్లో తప్పు ఎప్పుడూ కిరాణా కొట్టుదే. పాత పప్పు అంటగట్టాడని అమ్మ, కుక్కర్ రబ్బరు పోయిందని నేను. ఒకసారి అదే డబ్బాలోని పప్పు మూడు కూతలకే వెన్నలా మెదిగింది. ఆ రోజు మారింది ఒక్కటే. బోరు మోటారు పాడై, నల్లా నీళ్లతో వంట చేశాం. కొట్టు యజమానిని అన్ని నెలలుగా తిట్టుకున్నందుకు కాస్త సిగ్గేసింది.

మాది నర్సంపేట. ఇక్కడే కాదు, పరకాల, భూపాలపల్లి, జమ్మికుంట, ఎక్కడైనా చిన్న పట్టణంలో ఇంటికి వచ్చే నీళ్లు ఒక రకం కావు. నల్లాలో వచ్చేవి చాలావరకు గోదావరి నీళ్లు, శుద్ధి కేంద్రంలో వడకట్టి క్లోరిన్ కలిపి పంపినవి. బోరువి నేల లోపలి నీళ్లు. వాటర్ ప్లాంటు నుంచి వచ్చే ఇరవై లీటర్ల క్యాను మూడోది. ఈ మూడింటినీ కలిపి 'మా ఊరి నీళ్లు బాగుండవు' అనేస్తాం. ఏ నీళ్లు, ఏ విధంగా బాగుండవు అన్నది తేలకుండా యంత్రాలు కొంటే డబ్బు పోతుంది, తెల్ల పొర మాత్రం పోదు. అందుకే ఈ వ్యాసంలో కొనడం చివర, కొలవడం ముందు.

ముందు ఒక చిన్న వివరం. వాన నీరు నేలలోకి ఇంకుతూ మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొద్దిగా పుల్లబడుతుంది. ఆ నీరు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుంటుంది. దాన్నే కఠిన జలం అంటారు. మన దగ్గర ఎక్కువగా గ్రానైటు నేల, బోరు ఎంత లోతుకు వేసినా నీళ్లు రాతి పగుళ్లలోంచే రావాలి. మనం వాడుకలో 'ఉప్పు నీళ్లు' అంటాం కానీ ఆ పేరు మోసం చేస్తుంది. నాలుకకు ఉప్పు తగలని నీళ్లు కూడా బాగా కఠినంగా ఉండవచ్చు.

మొదటి పని: ఏ కుళాయిలో ఏ నీళ్లో తేల్చుకోండి

ఇది చెప్పినంత తేలిక కాదు. చాలా ఇళ్లలో నల్లా నీళ్లు సంపులోకి, బోరు నీళ్లు కూడా అదే సంపులోకి, అక్కడి నుంచి రెండూ కలిసి మిద్దె మీది ట్యాంకుకు. అప్పుడు వంటింటి కుళాయిలో వచ్చేది రోజుకో పాళ్లలో కలిసిన నీరు. నిన్న కొలిచిన అంకె ఇవాళ్టికి పనికిరాదు. ఒక కాగితం మీద పైపుల గీత గీయండి. ఎక్కడి నుంచి వస్తోంది, ఎందులో పడుతోంది, ఏ వాల్వు తిప్పితే ఏది ఆగుతోంది. ఇల్లు కట్టిన మేస్త్రీ ఊళ్లోనే ఉంటే ఒకసారి పిలిచి అడగండి. మా ఇంట్లో స్నానాల గదికి నల్లా నీళ్లు, వంటింటికి బోరు నీళ్లు వెళ్తున్నాయని ఆ గీత గీసిన రోజే తెలిసింది. సరిగ్గా తలకిందులు.

రెండో పని: సబ్బు చుక్కల పరీక్ష

పరికరాలు లేకుండా ఇంట్లో చేయగల పరీక్షల్లో నాకు బాగా నచ్చినది ఇదే. సబ్బు నురగ రావాలంటే ముందు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం తీరిపోవాలి. అవి ఉన్నంతసేపూ సబ్బు వాటితో కలిసి తెల్లటి పెరుగులా విరిగిపోతుంది. బకెట్టు అంచుకు జిడ్డుగా అంటుకునేది అదే. కాబట్టి నురగ నిలవడానికి ఎన్ని సబ్బు చుక్కలు పట్టాయో లెక్కపెడితే కఠినత్వం ఎంతో అంచనా దొరుకుతుంది.

కావలసినవి: ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్ల డబ్బా ఒకటి (ఆ నీళ్లలో లవణాలు ఉండవు, తాగడానికి మాత్రం కాదు), మందుల కొట్లో దొరికే చుక్కల గొట్టం, దగ్గు మందు సీసా మీద ఉండే గీతల మూత, మూత బిగుతుగా పట్టే చిన్న పారదర్శక సీసాలు మూడు, ఒంటి సబ్బు. బట్టల పొడి, గిన్నెలు తోమే ద్రవం పనికిరావు. అవి కఠిన నీళ్లలో కూడా నురగ ఇచ్చేలా తయారైనవి, పరీక్షను తప్పుదారి పట్టిస్తాయి.

సబ్బును కత్తితో గీరి, రెండు చింతగింజలంత తురుము తీసుకోండి. అర గ్లాసు, అంటే సుమారు వంద మిల్లీలీటర్ల బ్యాటరీ నీళ్లను గోరువెచ్చగా చేసి అందులో కరిగించండి. చల్లారాక చిక్కబడితే మళ్లీ కాస్త వెచ్చబెట్టండి. ఇప్పుడు గీతల మూతతో కొలిచి ఒక్కో సీసాలో పది మిల్లీలీటర్లు పోయండి. ఒకదాంట్లో బ్యాటరీ నీళ్లు, ఒకదాంట్లో నల్లా నీళ్లు, ఒకదాంట్లో బోరు నీళ్లు. సీసాల మీద పేర్లు రాయండి. లేకపోతే మూడూ ఒకేలా కనిపించి అయోమయం తప్పదు.

సబ్బు నీళ్లు ఒక్కో చుక్క వేసి, మూత పెట్టి పది సెకన్లు గట్టిగా కుదపండి. నురగ పుట్టి వెంటనే చల్లారిపోతే ఇంకో చుక్క. నురగ ఒక నిమిషం పాటు నిలిచిందంటే ఆపి, లెక్క రాసుకోండి. మా ఇంట్లో బ్యాటరీ నీళ్లకు 3 చుక్కలు పట్టాయి, నల్లా నీళ్లకు 9, బోరు నీళ్లకు 39. బోరు సీసాను కుదిపిన కొద్దీ లోపల పాలు విరిగినట్టు తెల్లటి తుంపులు తేలాయి. ముప్పయ్యో చుక్క దాకా నురగ జాడే లేదు. పక్కన కూర్చుని చూస్తున్న అమ్మ, 'ఇన్నేళ్లు పప్పు ఉడికించింది ఈ నీళ్లతోనా?' అంది.

లెక్క ఇలా. బ్యాటరీ నీళ్లకు పట్టిన 3 చుక్కలు వట్టి నురగకు అయిన ఖర్చు, దాన్ని రెండింటి నుంచీ తీసేయండి. నల్లాకు 6, బోరుకు 36. అంటే బోరు నీళ్లు నల్లా నీళ్లకన్నా ఆరు రెట్లు కఠినం. ఇది నిష్పత్తి మాత్రమే, అసలు అంకె కాదు. కానీ ఒక్క నీటికి ప్రయోగశాల అంకె తెలిస్తే చాలు, మిగతావి మీరే కట్టుకోవచ్చు. నల్లా నీళ్ల కఠినత్వం లీటరుకు 100 మిల్లీగ్రాములని తేలితే బోరుది సుమారు 600. పక్కింటివాళ్ల బోరు, అత్తగారి ఊరి బావి, ఏదైనా ఇదే లెక్క.

ఓపిక ఉంటే ఇంకో అడుగు వేయండి. బోరు నీళ్లు ఒక గిన్నెలో అరగంట మరిగించి, చల్లారాక తగ్గినంత మేర బ్యాటరీ నీళ్లు పోసి మొదటి మట్టానికి తెండి. పైన తేరిన నీటితో మళ్లీ చుక్కలు లెక్కపెట్టండి. తగ్గినంత భాగం మరిగిస్తే పోయే తాత్కాలిక కఠినత్వం. ఇది బైకార్బనేట్ల వల్ల వస్తుంది, వేడికి విరిగి తెల్ల పొరగా పేరుకుంటుంది. తగ్గకుండా మిగిలింది సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చే శాశ్వత కఠినత్వం, ఎంత కాచినా పోదు. ఈ తేడా ఎందుకంటే, గీజరును, హీటరు రాడ్డును తినేది ముఖ్యంగా మొదటి రకం. సబ్బును తినేవి రెండూ.

మధ్యలో ఒక మాట: టీడీఎస్ మీటరు, గోధుమరంగు నీళ్లు

టీడీఎస్ మీటరు పెన్ను లాంటి పరికరం, ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. అది నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో కొలిచి, దాన్నుంచి కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా కడుతుంది. ఆ లవణాల్లో కాల్షియం ఎంత, మామూలు ఉప్పు ఎంత, ఫ్లోరైడ్ ఎంత అన్నది చెప్పలేదు. సూక్ష్మజీవులు దానికి అసలు కనపడవు. మురుగు కలిసిన నీరు 400 చూపించవచ్చు, మంచి బోరు నీరు 700 చూపించవచ్చు. ఉన్నట్టుండి అంకె మారిందా లేదా అని గమనించడానికి ఆ మీటరు మంచిదే, తీర్పు చెప్పడానికి కాదు.

ఇంతకన్నా పెద్ద నాటకం ఇంకొకటి ఉంది. నీటి శుద్ధి యంత్రం అమ్మడానికి ఇంటికి వచ్చిన ఒకాయన రెండు గ్లాసులు బల్ల మీద పెట్టాడు. ఒకదాంట్లో మా బోరు నీళ్లు, ఇంకోదాంట్లో తన యంత్రంలోంచి వచ్చిన నీళ్లు. ఇనుప కడ్డీలున్న చిన్న పెట్టెను రెండు గ్లాసుల మీదా పెట్టి ప్లగ్గు గుచ్చాడు. రెండు నిమిషాల్లో మా నీళ్లు గోధుమరంగుకు తిరిగి పైన మురికి తెట్టె కట్టింది. ఆయన నీళ్లు అద్దంలా ఉన్నాయి. 'ఇదండీ మీరు పిల్లలకు పోస్తున్నది' అన్నాడు. మా ఆవిడ ముఖం పాలిపోయింది. నేను వంటింట్లోకి వెళ్లి చిటికెడు ఉప్పు తెచ్చి ఆయన గ్లాసులో వేసి, మళ్లీ ప్లగ్గు పెట్టమన్నాను. అదీ అదే రంగుకు తిరిగింది. ఆ రంగు నీళ్లలోది కాదు, కడ్డీల ఇనుము కరిగి తుప్పుగా మారింది. లవణాలు లేని నీళ్లలో కరెంటు పారదు కాబట్టి తుప్పు రాదు, అంతే. టీ తాగి వెళ్లాడు పాపం, ఆయన ఉద్యోగం ఆయనది. మీ ఇంటికి అలాంటి పెట్టె వస్తే ఉప్పు డబ్బా దగ్గర పెట్టుకోండి.

మూడో పని: ఒక్కసారైనా ప్రయోగశాలకు పంపండి

సబ్బు చుక్కలు కఠినత్వం చెబుతాయి. ఫ్లోరైడ్, నైట్రేట్, సూక్ష్మజీవుల సంగతి చెప్పవు. ఆరోగ్యం కోసం ముందుగా చూడాల్సినవి ఈ మూడు. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి జిల్లాల్లో నీటి పరీక్ష ప్రయోగశాలలు ఉన్నాయి. పంచాయతీలో గానీ మున్సిపాలిటీలో గానీ నీటి సరఫరా చూసేవారిని అడిగితే దగ్గరిది ఎక్కడో చెబుతారు. ప్రైవేటు ప్రయోగశాలలు కూడా ఉన్నాయి.

నమూనా తీయడం సరిగ్గా రాకపోతే ఫలితం మీద నమ్మకం ఉండదు. శుభ్రమైన లీటరు సీసా తీసుకోండి, కూల్‌డ్రింకు సీసా వద్దు. బోరు నీళ్లయితే ట్యాంకు నుంచి కాక మోటారు దగ్గరి పైపు నుంచే పట్టండి, అదీ అయిదు నిమిషాలు పారనిచ్చాక. అదే నీటితో సీసాను మూడుసార్లు తొలిచి, గాలి మిగలకుండా అంచు దాకా నింపి, మూత బిగించి, తేదీ, చోటు రాసి అదే రోజు అందజేయండి. సూక్ష్మజీవుల పరీక్షకు మీ సీసా పనికిరాదు. ప్రయోగశాల ఇచ్చే శుద్ధి చేసిన సీసాలోనే పట్టి, మూత లోపలి వైపు వేలు తగలకుండా, మంచుగడ్డల డబ్బాలో పెట్టి కొద్ది గంటల్లోనే ఇవ్వాలి.

'నీళ్లు పరీక్ష చేయండి' అని వదిలేయకుండా ఏమేం కావాలో రాసివ్వండి: మొత్తం కఠినత్వం, టీడీఎస్, పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారాల కొలత), ఫ్లోరైడ్, నైట్రేట్, క్లోరైడ్, ఇనుము, కోలిఫాం బ్యాక్టీరియా (మురుగు కలిసిందేమో పట్టిచ్చే సూక్ష్మజీవులు). వీలైతే కఠినత్వం పరీక్ష జరుగుతుండగా చూడనివ్వమని అడగండి. గాజు కుప్పెలో నీళ్లు ద్రాక్షరసం రంగులో ఉంటాయి. పైనుంచి ఈడీటీఏ అనే, కాల్షియం, మెగ్నీషియంలను పట్టేసుకునే ద్రావణం చుక్కలుగా పడుతుంటుంది. చాలాసేపు ఏమీ మారదు, తర్వాత ఒక్క చుక్కకు కుప్పె మొత్తం నీలంగా తిరుగుతుంది. ఆ క్షణం దాకా పడిన చుక్కల లెక్కే కఠినత్వం. మన సబ్బు పరీక్షకు అన్నగారన్న మాట.

నాలుగో పని: రిపోర్టు చదవడం

తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500, 2012 నాటిది. అందులో చాలావాటికి రెండు అంకెలు ఉంటాయి. ఒకటి 'ఇంతలోపు ఉంటే మంచిది', రెండోది 'వేరే నీళ్లు దొరకనప్పుడు ఇంతవరకు ఫరవాలేదు'. మొత్తం కఠినత్వానికి అవి 200, 600. టీడీఎస్‌కు 500, 2000. క్లోరైడ్‌కు 250, 1000. ఫ్లోరైడ్‌కు 1, 1.5. అన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో. నైట్రేట్‌కు ఒకటే హద్దు, 45, దానికి సడలింపు లేదు. పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. బ్యాక్టీరియా గడిలో 'లేదు' అని రావాలి, అక్కడ 'కొద్దిగా' అన్న మాటకు చోటు లేదు.

రిపోర్టు రాగానే అందరూ ముందు టీడీఎస్ చూస్తారు. మీరు ముందు బ్యాక్టీరియా, తర్వాత ఫ్లోరైడ్, తర్వాత నైట్రేట్ చూడండి. కఠినత్వం ఆ తర్వాతే. ఎందుకంటే కఠినత్వం వల్ల ఇబ్బంది గిన్నెలకు, జుట్టుకు, గీజరుకు. తాగేవారికి దానివల్ల హాని అని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆరోగ్యపరమైన హద్దు పెట్టలేదు. 'బోరు నీళ్లు తాగితే కిడ్నీలో రాళ్లు' అన్న మాట ప్రతి వీధిలో వినిపిస్తుంది, దానికి గట్టి రుజువు లేదు. ఎండాకాలంలో నీళ్లు తక్కువ తాగడమే రాళ్లకు పెద్ద కారణం. ఇప్పటికే రాళ్లున్నవారు మాత్రం తమ డాక్టరు మాట వినాలి.

ఫ్లోరైడ్ సంగతి వేరు. తెలంగాణలో ఫ్లోరైడ్ అనగానే నల్లగొండ గుర్తొస్తుంది. కానీ గ్రానైటు నేల ఉన్న ఏ జిల్లాలోనైనా కొన్ని బోర్లలో అది హద్దు దాటుతుంది, పక్కపక్క బోర్లలోనే తేడా ఉండవచ్చు. రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు. కాచితే పోదు, పైగా నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన దానిలో చిక్కబడుతుంది. నైట్రేట్ కూడా అంతే. బోరుకు దగ్గర్లో సెప్టిక్ ట్యాంకు ఉంటే గానీ, చుట్టూ ఎరువులు వేసే పొలాలుంటే గానీ నైట్రేట్ మీద కన్నేసి ఉంచండి. పాలడబ్బా పాలు తాగే పసిపిల్లలున్న ఇంట్లో హద్దు దాటిన నీళ్లు అసలు వాడకూడదు.

అయిదో పని: నీళ్లను పనులవారీగా పంచండి

ఇంటి మొత్తానికి ఒకే నీటిని బాగుచేయాలనుకోవడం దగ్గరే ఖర్చు మొదలవుతుంది. తాగడానికి, వంటకు పట్టేది తక్కువ. నలుగురున్న ఇంట్లో రెండు మూడు బిందెలు. ఆ కాసిని నీళ్లు నల్లావి ఉండేలా చూసుకుంటే సగం సమస్య తీరినట్టే. మిషన్ భగీరథ పథకంలో గ్రామాల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీల్లో 135 లీటర్లు లక్ష్యంగా పెట్టుకున్నారు. మీ వీధికి రోజు మార్చి రోజు వచ్చినా వంటకు సరిపడా పట్టిపెట్టుకోవచ్చు. మేము చేసింది ఇంతే: వంటింట్లోకి నల్లా నీళ్లకు వేరే సన్న పైపు, వేరే చిన్న ట్యాంకు. బోరును పెద్ద ట్యాంకుకు మాత్రమే వదిలాం. ప్లంబరుకు ఒక పూట పని.

పప్పు, శనగలు, రాజ్మా నానబెట్టడానికి, ఉడికించడానికి నల్లా నీళ్లే వాడండి. గింజలోని పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని కాల్షియం గట్టిపరుస్తుంది, అందుకే పలుకు మెత్తబడదు. నల్లా రాని రోజు ముందుగా కాచి తేర్చిన బోరు నీళ్లు కొంత నయం. చిటికెడు వంటసోడా వేస్తే ఉడుకుతుంది కానీ పప్పులోని బి1 విటమిన్ పోతుంది, రుచి కూడా సబ్బులా తగులుతుంది. నేనైతే వేయను. డికాషన్ మీద నూనె తెట్టెలాంటి పొర తేలుతుంటే టీ పొడిని అనుమానించకండి, అదీ నీళ్ల పనే.

తలస్నానానికి మా అమ్మమ్మ పద్ధతే ఇప్పటికీ సాటిలేనిది. కుంకుడుకాయ రసం నురగ సబ్బు నురగ లాంటిది కాదు, కాల్షియంతో విరగదు. బోరు నీళ్లలోనూ నురగ వస్తుంది, తుంపులు జుట్టులో మిగలవు. కుంకుడుకాయలు కొట్టే ఓపిక లేనివారు చివరి రెండు చెంబులు నల్లా నీళ్లు పోసుకున్నా తేడా తెలుస్తుంది. బట్టలకు సబ్బు బిళ్ల కన్నా పొడి మేలు. నానబెట్టే బోరు నీళ్లలో ముందు కొద్దిగా బట్టల సోడా కలిపితే కఠినత్వం అడుగుకు దిగుతుంది, పొడి తక్కువ పడుతుంది. పట్టు, ఉన్ని బట్టలకు సోడా తగలనివ్వవద్దు.

ఎండాకాలంలో కూలరు మాట మరవకండి. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో కూలరు రోజంతా నడుస్తుంది. నీరు ఆవిరైపోతుంది, లవణాలు మాత్రం గడ్డి తెరల మీద మిగిలిపోతాయి. రెండు నెలల్లో తెర సున్నం కొట్టినట్టు గట్టిపడి గాలి లోపలికి రాదు. బోరు నీళ్లే పోయక తప్పకపోతే వారానికి రెండుసార్లు అడుగు నీళ్లు పూర్తిగా ఒంపేసి కొత్త నీళ్లు పోయండి. ఉన్న నీటి మీదే నింపుతూ పోతే ఉప్పు చిక్కబడుతూ ఉంటుంది.

ఆరో పని: పేరుకున్నదాన్ని వదిలించడం

తెల్ల పొర మీద నిమ్మరసం చుక్క వేయండి. చిన్న బుడగలు సర్రున లేస్తే అది కాల్షియం కార్బనేటు, పులుపుకు లొంగుతుంది. ఇందుకు కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. లీటరు వేడి నీళ్లకు రెండు చెంచాలు. హీటరు రాడ్డును ప్లగ్గు తీసి, చల్లారాక, చుట్టల భాగం మాత్రం మునిగేలా ఆ నీళ్లలో రెండు గంటలు పెట్టండి. పెంకులుగా దానంతటదే రాలుతుంది. కత్తితో గీకితే పైపూత లేచి షాకు కొట్టే ప్రమాదం ఉంది. షవరు ముఖానికి అదే ద్రావణాన్ని పాలిథిన్ సంచిలో పోసి రబ్బరు బ్యాండుతో కట్టి రాత్రంతా వదిలేయండి. ఉదయం పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే మూసుకున్న రంధ్రాలు తెరుచుకుంటాయి. అల్యూమినియం గిన్నెలకు, పాలరాయి గచ్చుకు పులుపు పడదు, జాగ్రత్త.

గీజరులో నీటి వేడి ఎంత పెరిగితే పొర అంత త్వరగా కడుతుంది. గుండ్రని మీటను చివరిదాకా తిప్పకుండా 50, 55 డిగ్రీల దగ్గర ఆపండి. ఏడాదికోసారి మెకానిక్కుతో తెరిపించి లోపలి చుట్టను శుభ్రం చేయించి, ట్యాంకుకు తుప్పు పట్టకుండా తాను అరిగే మెగ్నీషియం కడ్డీ అయిపోవస్తే మార్పించండి. నీళ్లు కాగేటప్పుడు లోపల టపటప శబ్దం వస్తుంటే ఏడాది ఆగనవసరం లేదు.

ఒక హెచ్చరిక. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో ఎన్నడూ కలపకండి. ఒకటి పోసి, అది కడుక్కుపోకముందే రెండోది చల్లినా క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన గదిలో అది ప్రాణం తీయగలదు.

ఏడో పని: ఇప్పుడు కావాలంటే యంత్రం సంగతి

రిపోర్టులో ఫ్లోరైడ్ గానీ నైట్రేట్ గానీ హద్దు దాటి, వేరే నీళ్లు దొరకకపోతే ఆర్‌ఓ, అంటే నీటిని సన్నని పొరగుండా ఒత్తిడితో తోసి లవణాలు తీసేసే యంత్రం, పెట్టుకోవడం సబబే. టీడీఎస్ 500 లోపు ఉన్న నల్లా నీళ్లకు మాత్రం ఆర్‌ఓ దండగ. అలాంటి చోట్ల వాటిని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే ఆదేశించింది. ఆ నీళ్లకు వడపోత, అతినీలలోహిత దీపం ఉన్న యంత్రం గానీ, కాచి వడకట్టడం గానీ చాలు. ఇంటి ఆర్‌ఓ ఒక బిందె మంచి నీటికి మామూలుగా రెండు మూడు బిందెలు బయటికి వదిలేస్తుంది. ఆ వదిలిన నీరు మీ బోరు నీటికన్నా కఠినం. గచ్చు తుడవడానికి, మరుగుదొడ్డికి పనికొస్తుంది, కుండీల్లో మొక్కలకు రోజూ పోస్తే అవి వాడిపోతాయి.

మెత్తబరిచే యంత్రం, అంటే సాఫ్ట్‌నర్, వేరే పద్ధతి. రెజిన్ గుళికలు కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని బదులుగా సోడియం వదులుతాయి. అవి నిండిపోయాక ఉప్పు నీళ్లతో కడగాలి. కఠినత్వం 100 తగ్గితే లీటరుకు దాదాపు 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది, కాబట్టి రక్తపోటు ఉన్నవారు ఆ నీళ్లు తాగకూడదు. స్నానానికి, వాషింగ్ మెషిన్‌కు మాత్రమే దాన్ని కలపండి. సూక్ష్మజీవులను, ఫ్లోరైడ్‌ను అది తీయదు. పైపు చుట్టూ అయస్కాంతం కట్టి కఠినత్వం పోగొడతామనే సరుకు కొనకముందు అమ్మేవాణ్ణి సబ్బు చుక్కల పరీక్షకు కూర్చోబెట్టండి. ముందు ఎన్ని చుక్కలో, తర్వాత ఎన్ని చుక్కలో అతని చేతే వేయించండి.

పటిక గురించి చాలామంది అడుగుతారు. పటిక, చిల్లగింజ మట్టిని అడుగుకు దింపుతాయి. వానాకాలం బురద నీళ్లకు మంచివి, కఠినత్వం మీద వాటికి పట్టు లేదు.

నల్లా నీళ్లనూ గుడ్డిగా నమ్మకండి

మెత్తగా ఉన్నంత మాత్రాన నల్లా నీళ్లు నిర్దోషులు కావు. బోరు నీళ్లలో రాయి ఉంటే, నల్లా నీళ్లలో దారి పొడవునా మురుగు కలిసే ప్రమాదం ఉంది. నీళ్లు వదలని వేళ పైపులు ఖాళీగా ఉంటాయి, మురుగు కాలువ దాటే చోట కీలు కారుతుంటే మురుగు లోపలికి వస్తుంది. మోటారును నేరుగా నల్లాకు బిగించి లాగితే ఇంకా ప్రమాదం. పైపులో పీడనం పడిపోయి, బయటి మురికిని పీల్చుకుంటుంది. మన ఇంటితో పాటు వీధి మొత్తానికి. ఇది మానమని మా వీధిలో చెప్పి నేను ఇద్దరితో మాటలు పోగొట్టుకున్నాను, అయినా చెబుతాను.

నల్లా వదలగానే మొదటి రెండు బకెట్లు చెట్లకు పోసి, తర్వాత పట్టండి. కాస్త క్లోరిన్ వాసన వస్తే సంతోషించండి, అది కాపలా ఉన్నట్టు. కొన చివరి ఇంట్లో కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. వాసన నచ్చకపోతే వెడల్పు గిన్నెలో కొన్ని గంటలు ఉంచితే పోతుంది. ట్యాంకును మూడు నెలలకోసారి తోమి కడిగించండి, మూత సరిగ్గా పట్టేలా చూడండి. ఎండ పడితే పాచి, తెరిచి ఉంటే దోమలు. వానాకాలం మొదట్లో గానీ, వీధిలో వాంతులు, విరేచనాల కేసులు వినపడినప్పుడు గానీ వెయ్యి లీటర్ల తేట నీటికి రెండున్నర గ్రాములు, అంటే సుమారు సగం టీ చెంచా మంచి బ్లీచింగ్ పౌడరు చాలు. దాన్ని బకెట్టు నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైనున్న తేట మాత్రం ట్యాంకులో పోసి, గంట ఆగి వాడండి.

వాన నీళ్లు పట్టే వీలుంటే వదులుకోకండి, అంత మెత్తని నీళ్లు కొన్నా దొరకవు. ఒక చదరపు మీటరు మిద్దె మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద పది మిల్లీమీటర్ల జల్లుకు తొమ్మిది వందల లీటర్లు పడతాయి, పోయింది పోగా ఏడు వందలు చేతికొస్తాయి. మొదటి రెండు వానలు వదిలేయండి, ప్రతి వానలోనూ మొదటి పది నిమిషాల నీళ్లు బయటికి పోనివ్వండి. కాకతీయులు పాకాల, రామప్ప, లక్నవరం తవ్వించి పట్టింది ఇదే వాన నీటిని. మనం డ్రమ్ము పెట్టడానికి బద్ధకిస్తున్నాం.

పరీక్ష ఒకసారి చేసి వదిలేయకండి. మే నెలలో, బోరు అడుగంటినప్పుడు ఒకసారి. దసరా తర్వాత, నేలలోకి కొత్త నీరు చేరాక ఇంకోసారి. సబ్బు చుక్కల లెక్క, తేదీ వంటింటి అల్మారా తలుపు లోపలి వైపు పెన్సిలుతో రాసిపెట్టండి. మా తలుపు మీద కిందటి మే నెల బోరు అంకె 39, దసరాకు 31.